పన్నెండో నోటుబుక్కు

నర్సు తలుపు తీయడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఎవరు, ఎవరు అని లోపలినుంచి మూడుసార్లు అడిగింది. లాయరమ్మ రాసిచ్చిన చీటీని కిటికీ సందులోంచి చూపిస్తేగానీ గొళ్లెం కదల్లేదు. ఆయన ఏమీ అనుకోలేదు. ఏడు రోజులుగా ఆ తలుపు తట్టిన ప్రతివాడి చేతిలోనూ మైకు ఉంది మరి.

పోలీసు డిపార్టుమెంటులో ఉన్న రోజుల్లో ఆయన్ను అందరూ గడియారం అనేవారు. ఎవరు ఎదురుపడినా మొదట "ఎన్ని గంటలకు?" అని అడిగే అలవాటు తెచ్చిపెట్టిన పేరది. ఉద్యోగం అయిపోయి ఆరేళ్లు, భార్య పోయి నాలుగేళ్లు. ఇప్పుడా పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా వేళ్లమీద లెక్కకు వచ్చేశారు. నర్సు తరఫు లాయరమ్మ ఫోను చేసి ఈ కేసు చూడమంటే రెండో మాట లేకుండా ఒప్పుకోవడానికి కారణం ఏమిటంటే, ఆదివారం కూరగాయలు కొన్న తరువాత ఆయన నోరు తెరిచి మాట్లాడింది మళ్లీ ఆ ఫోనులోనే.

కేసు చూడ్డానికి చిన్నదే. పోయిన మంగళవారం పొద్దున ఒక పెద్దాయన తన కుర్చీలో చనిపోయి కనిపించాడు. ఒక పత్రికాఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. వెనకా ముందూ ఎవరూ లేరు. రోజూ ఏడున్నరకు ఈ నర్సు వెళ్లి చక్కెర జబ్బుకు ఇంజెక్షను చేసి వచ్చేది. తొమ్మిదింటికి ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వెళ్లినవాడు ముందు చూశాడు. ఒంట్లో మోతాదుకు పదింతల నిద్రమందు ఉందని డాక్టర్లు తేల్చారుగానీ, అది నోటిగుండా పోయిందా సూదిగుండా పోయిందా చెప్పడానికి ఇంకో పరీక్ష కావాలన్నారు. దానికి మూడు వారాలు పడుతుంది.

టీవీ ఛానలు మూడు పూటలు కూడా ఆగలేదు. శవం దొరికిన రోజే సాయంత్రం నాలుగింటికి "సూదిలో చావు?" అని పేరుపెట్టి నర్సు ఫోటోను తెరనిండా వేసేసింది. ఆ కార్యక్రమం నడిపేవాణ్ణి జనం నాలుగింటి జడ్జి అంటారు. కోర్టులు ఏళ్లతరబడి తేల్చలేనివి అతను గంటలో, మధ్యలో మూడు ప్రకటనలతో సహా తేల్చేస్తాడు. ఆ తీర్పు విన్నాక పోలీసులకు మాత్రం వేరే తీర్పు ఎక్కడ దొరుకుతుంది? కేసు నర్సు మీదే పెట్టారు. లాయరమ్మ తంటాలుపడి తెచ్చిన బెయిలు రేపు పదకొండు గంటల దాకానే. రేపు కోర్టులో కొత్త సంగతి ఏదీ చూపించలేకపోతే ఆమె జైలుకు పోతుంది.

లోపల ఒకే గది. కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. నర్సు తన పాప బట్టలు మడతపెట్టి మంచం మీద పెట్టుకుంది. బడిలో పిల్లలు ఏదో అన్నారట, మూడో రోజే పాపను అక్కగారింటికి పంపేసిందట. పై వాటాలో ఎవరో అదే ఛానలు పెట్టుకున్నారు, ఆ గొంతు కప్పులోంచి దిగుతూనే ఉంది.

"ఎన్ని గంటలకు వెళ్లావమ్మా?"

"ఏడూ ఇరవై ఎనిమిదికి. ఆ తర్వాత ఇంకో నాలుగిళ్లు ఉన్నాయి సార్, నిమిషం అటూ ఇటూ అయితే నాకు కుదరదు. ఏడూ నలభైకి బయటపడ్డాను."

ఆ పన్నెండు నిమిషాలనూ ఆయన నాలుగైదుసార్లు తిరగేయించాడు. తలుపు ఎప్పటిలాగే దగ్గరికి వేసి ఉంది, గడియ లేదు. పెద్దాయన కుర్చీలో తూగుతున్నాడు. రోజూ అయితే ఆమె చెప్పులు విడిచేలోపే ముందురోజు వార్తల్లో దొర్లిన తప్పులన్నీ ఏకరువు పెట్టేవాడు. ఆ పూట "వచ్చావా" అన్నాడు, అంతే. ఒంటి మీద బనీను కాదు, మడత నలగని ఇస్త్రీ చొక్కా ఉంది. ఆమె అది చూసి ఎక్కడికైనా వెళ్తున్నాడేమో అనుకుంది.

"నాడి చూడాల్సింది," అంది ఆమె. "రాత్రి నిద్రపట్టలేదేమో అనుకుని వచ్చేశాను. ఒక్కసారి నాడి చూసుంటే బాబాయిగారు బతికేవారు. చంపానని వాళ్లంటుంటే నాకు కోపం రావడం లేదు సార్, అందుకే."

ఏదో ఒకటి అని ఓదార్చాలని ఆయనకూ ఉంది. నాలుగేళ్లుగా ఇంట్లో గోడలతో కాపురం చేసినవాడికి ఆ విద్య మరుపున పడిపోయింది. గొంతు సవరించుకుని, వంటింట్లో ఏమైనా చూశావా అని అడిగాడు.

"కడిగిన కప్పులు రెండు బోర్లించి ఉన్నాయి. రోజూ ఒకటే ఉంటుంది. ఎవరో వచ్చి ఉంటారు, పోనీలే పాపం అని సంతోషించాను కూడాను. మూడేళ్లలో నేను కాకుండా ఆ ఇంటికి ఇంకో మనిషి రావడం నేను చూడలేదు."

పోలీసులకు చెప్పానంది. వాళ్లు రాసుకోలేదంది. కప్పులు లెక్కపెట్టడానికా మేము వచ్చింది అన్నారట.

ఇక నోటుబుక్కుల సంగతి. రిటైరయిన రోజు నుంచీ పెద్దాయన రోజూ సాయంత్రం టీవీ ముందు కలం పట్టుకుని కూర్చునేవాడు. ఏ వార్త ఎన్ని గంటలకు చెప్పారు, అందులో ఏది అబద్ధం, ఏ బొమ్మ ఎక్కడినుంచి తెచ్చి అతికించారు, అన్నీ తేదీతో సహా ఎక్కించేవాడు. వారానికొకసారి వాటిని తెల్లకాగితం మీద శుభ్రంగా రాసి ఛానలుకు పోస్టు చేసేవాడు. ఒక్క జవాబు వచ్చిన పాపాన పోలేదు. జవాబు రాయకపోయినా ఎవడో ఒకడు చదువుతాడమ్మాయ్ అనేవాడట నర్సుతో. ఆ మాట చెప్పి ఆమె మడతపెట్టిన పాప గౌనును విప్పి మళ్లీ మడతపెట్టింది.

రెండు నెలల కిందట ఊళ్లో కలుషితమైన నీళ్లు తాగి జనం పోయినప్పుడు, నీళ్ల ట్యాంకు ఆపరేటరు డ్యూటీలో తాగి పడుకున్నాడని నాలుగింటి జడ్జి ఒక వీడియో చూపించాడు. ఆ ఆపరేటరు వారం తిరక్కుండా ఉరి వేసుకున్నాడు. జడ్జికి బహుమతి వచ్చింది. ఆ వీడియోలో గోడకున్న క్యాలెండరు మూడేళ్ల కిందటిదని పెద్దాయన పట్టుకున్నాడు. పోయిన మంగళవారం పదకొండింటికి ఆ సంగతి రాసిన నోటుబుక్కు పట్టుకుని, ఛానళ్ల మీద ఫిర్యాదులు వినే సంఘం ముందుకు వెళ్లాల్సి ఉంది. తొమ్మిదింటికే శవమయ్యాడు.

లేవబోతుంటే ఆమె అడిగింది, నన్ను మీరైనా నమ్ముతున్నారా అని.

"నేను ఆ రెండో కప్పును నమ్ముతున్నాను," అన్నాడు గడియారం. ఇంకొంచెం మెత్తగా చెప్పి ఉండవలసింది అని మెట్లు దిగాక అనిపించింది.

*

పెద్దాయన గది సీలు విప్పించేసరికి ఒంటిగంటా ముప్ఫై అయిదు. కాపలాకు వచ్చిన కానిస్టేబులు గుమ్మం బయటే కుర్చీ వేసుకుని, ముట్టుకోకుండా చూసుకోండి సార్ అని చెప్పి ఫోనులో మునిగిపోయాడు.

గడియారం ముందుగా కూర్చున్నది పెద్దాయన కుర్చీకి ఎదురుగా ఉన్న స్టూలు మీద. అక్కణ్ణుంచి టీవీ, బల్ల, దాని మీది అర, గోడన ఆగిపోయిన గడియారం, అన్నీ ఒక్క చూపులో కనబడతాయి. మంచం ఒక మనిషికి సరిపోయేంత. కంచం ఒకటి, గ్లాసు ఒకటి, తువ్వాలు ఒకటి. కప్పులు మాత్రం రెండు. రెండోది ఎప్పుడో జత కొన్నప్పుడు వచ్చిందై ఉండాలి, పింగాణీ మీద గీత కూడా పడలేదు. తన వంటింట్లోనూ అచ్చం అలాంటి కప్పు ఒకటి అలాగే ఉందని గుర్తుకొచ్చి ఆయన చూపు తిప్పుకున్నాడు.

అరలో నోటుబుక్కులు నిలబెట్టి ఉన్నాయి. వీపుల మీద ఏడాది అంకెలు, ప్రూఫు దిద్దే చెయ్యి కాబట్టి ముత్యాల్లా ఉన్నాయి. లెక్కపెట్టాడు. పదకొండు. లాయరమ్మ ఇచ్చిన పోలీసు జాబితా తీసి చూశాడు. అందులోనూ పదకొండే. రిటైరయి పన్నెండేళ్లు, ఏడాదికి ఒకటి. ఉండవలసినవి పన్నెండు, లేనిది ఈ ఏటిది. బుక్కులన్నీ కుడిపక్కకు ఒరిగి ఉన్నాయి, బొటనవేలి మందాన చోటు ఖాళీ అయితే ఒరిగేటంత. మంచం కింద, పరుపు కింద, బియ్యం డబ్బాలో, ఆఖరికి బట్టల మూటలో కూడా వెతికాడు. లేదు.

మోకాళ్ల మీద కూర్చుని తివాచీ చూశాడు. పెద్దాయన కుర్చీకి నాలుగడుగుల దూరంలో మూడు గుంటలు, ఒక్కొక్కటి నాణెమంత, ముక్కాలిపీట కోళ్లు నొక్కినట్టున్నాయి. ఆ ఇంట్లో ముక్కాలిపీట లేదు. పోలీసు ఫోటోగ్రాఫరు స్టాండు పెట్టాడా అని కానిస్టేబుల్ని అడిగితే అతను తల ఎత్తకుండానే నవ్వాడు. స్టాండు కూడానా సార్, అన్నీ ఫోన్లోనే తీసుకున్నాం అన్నాడు.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. రెండూ అయిదు. నాలుగింటి జడ్జి, వెనకాల కెమెరా మోసే మనిషి. గడియారం చప్పున గదిలోంచి బయటికి వచ్చి తలుపు మూసేశాడు.

"గడియారంగారా!" అన్నాడు జడ్జి, ఎంతో కాలం తరువాత మేనమామ కనబడినంత సంబరంగా. "ఆగిపోయిందనుకున్నామే. కీ ఇచ్చిందెవరు?"

"రెండు మాటలు చెప్పి వెళ్లండి. ఆ కెమెరా దింపాక."

జడ్జి చెయ్యి ఊపాడు, కెమెరా దిగింది. ఎర్ర దీపం మాత్రం ఆరలేదు. గడియారం అది చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు. వాళ్ల వృత్తిలో కెమెరా దింపడం అంటే అంతే.

నేరం రుజువు కాకుండానే ఒక ఆడమనిషిని హంతకురాలని ఎలా అంటారని అడిగితే జడ్జి నొచ్చుకున్నాడు. తాను ఒక్కసారి కూడా అలా అనలేదన్నాడు. కావాలంటే ఏడు రోజుల టేపులూ చూసుకోమన్నాడు.

"మేము ప్రశ్న మాత్రమే వేస్తాం సార్. 'సూదిలో చావు' పక్కన ప్రశ్న గుర్తు ఉంది, చూడండి. జవాబు జనం చెప్పుకుంటారు. అది వాళ్ల హక్కు."

"ఆ ప్రశ్న గుర్తు ఎంత ఉంటుంది, మీ తెర మీద?"

"కనబడేంత ఉంటుంది."

"ట్యాంకు ఆపరేటరు భార్యకు కనబడిందా?"

జడ్జి ముఖంలో నవ్వు చెదరలేదుగానీ, ఒక్క క్షణం కళ్లు దానితో కలిసి రాలేదు. ఆ కేసు వేరు, ఈ కేసు వేరు అన్నాడు. ఊళ్లో జనం తమ ఛానలునే ఎందుకు చూస్తారో తెలుసా, తీరిగ్గా నిజం తేలేదాకా ఎదురుచూసే ఓపిక వాళ్లకు లేదు కనుక అన్నాడు. వాళ్లకు ఓపిక లేకుండా చేసిందెవరని గడియారం అడిగాడు.

"మీవాళ్లెవరైనా ఈ గదిలోకి వెళ్లారా?"

"సీలు వేశారుగా. ఇవాళ్టికీ మేము గుమ్మం దాటలేదు. దాటితే మీ లాయరమ్మ ఊరుకుంటుందా?" అని, జడ్జి పోతూ పోతూ గడియారం భుజం మీద చెయ్యి వేశాడు. "నాలుగింటికి మా కార్యక్రమానికి రాకూడదూ? మీ వాదన మీరు చెప్పుకోవచ్చు. మా సెట్టు కూడా చూద్దురుగాని. ఈ గదికంటే అదే ఈ గదిలా ఉంటుంది."

వస్తాను అన్నాడు గడియారం. జడ్జి అది ఊహించలేదు. తనను చీల్చి ఆరేస్తారని ఆయనకు తెలుసు. కానీ గుమ్మం దాటనివాళ్లు గదికి నకలు ఎలా కట్టారన్నది ఆయన మనసులో ముల్లులా గుచ్చుకుంది.

*

ఛానలు ఆఫీసుకు చేరేసరికి మూడూ ఇరవై అయిదు. స్టూడియో నేలమాళిగలో ఉంది. మెడలో కార్డు వేసి పంపించారు. లోపల దీపాలు సగమే వెలుగుతున్నాయి. ఒక మూలన ఆ గది ఉంది.

ఆయన కాళ్లు నిలిచిపోయాయి. అదే కుర్చీ, అదే తివాచీ, అదే ఆగిపోయిన గడియారం, ముళ్లతో సహా అదే వేళ. రోజూ నాలుగింటికి ఇక్కడ ఒక నటి తెల్లకోటు వేసుకుని సూది పట్టుకుంటుందన్నమాట. అరలో నోటుబుక్కులు ఉన్నాయి. చూపుడువేలితో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. పన్నెండు. ఆఖరిదానికి వీపు మీద ఎర్ర గుడ్డ పట్టీ కూడా అతికించి ఉంది.

"పట్టీ కొంచెం వంకరగా ఉంటుంది చూడండి. అసలుదీ అంతే," అంది వెనకనుంచి ఒక గొంతు.

నలభై ఏళ్ల మనిషి, చేతినిండా జిగురు. సెట్లు కట్టేది తనేనంది. పధ్నాలుగేళ్లుగా ఇక్కడ చేస్తోందట. తను కట్టిన సెట్టు దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూసిన మొదటి మనిషి మీరే అంది. అందరూ మొహాలు చూస్తారు, అరలు ఎవరు చూస్తారండీ అంది. ఆ మాటలో ఫిర్యాదు కంటే అలవాటు ఎక్కువ వినిపించింది.

ఇంత సరిగ్గా ఎలా కట్టావమ్మా అని అడిగితే ఆవిడ ముఖం వెలిగింది. ఈ ఆఫీసులో ఏదీ సరిచూసే మనిషి లేడు, నేనైనా నా పని సరిగ్గా చేసుకోవాలి కదా అంది. జడ్జి ఏదో ఒక ముసలాయన గది కట్టెయ్యమన్నాడట. ఏదో ఒకటి కట్టడం ఆవిడకు చేతకాదు. అందుకని ఆఫీసు ఫోటోల గుట్టలో వెతికిందట.

ఆ గుట్ట సంగతి గడియారానికి కొత్త. రిపోర్టర్లు ఫోటోలు బయట అమ్ముకుంటారని యజమానికి అనుమానం. అందుకని ఆఫీసు ఇచ్చిన ఫోన్లలో ఏ ఫోటో తీసినా దానంతటదే ఆఫీసు కంప్యూటరులోకి వచ్చి పడేలా పెట్టించాడు. రోజుకు వేలకొద్దీ పడతాయి. తీసినవాళ్లకే గుర్తుండదు, చూసేవాళ్లు ఎవరూ లేరు. ఈవిడ తప్ప.

"చూపిస్తావా?"

ఆవిడ చేతిలోని ట్యాబు మీద ఫోటో తెరిచింది. అర, బల్ల, తివాచీ, అన్నీ ఉన్నాయి, పన్నెండు నోటుబుక్కులూ ఉన్నాయి. తీసిన తేదీ పోయిన మంగళవారం. వేళ ఉదయం ఆరూ యాభై రెండు. ఫోను ఎవరిదో కూడా కింద రాసి ఉంది. నాలుగింటి జడ్జిది.

"పోలీసులతో వెళ్లినప్పుడు తీసి ఉంటారు కదండీ?" అంది ఆవిడ.

"పోలీసులు వెళ్లింది తొమ్మిదీ ఇరవైకమ్మా."

ఫోటో మధ్యలో పెద్దాయన ఉన్నాడు, బతికి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, చేతిలో గీత పడని కొత్త కప్పు పట్టుకుని నవ్వుతున్నాడు. పన్నెండేళ్లు ఉత్తరాలు రాసిన మనిషి గుమ్మంలోకి ఒక పొద్దున్నే ఛానలు మనిషి వచ్చి, మీ ఉత్తరాలు చదివామండీ, తప్పు ఒప్పుకుంటాం, మీరే కెమెరా ముందు చెప్పండి అని ఉంటాడు. చచ్చిపోయేముందు ఆ పెద్దాయన ఎన్నో ఏళ్ల తరువాత మొదటిసారి సంతోషంగా ఉన్నాడు. ఇంట్లో ఒంటరిగా కూర్చునేవాడికి ఆ సంతోషం ఎలాంటిదో గడియారానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

చొక్కా రెండో గుండీ దగ్గర నల్లగా చిక్కుడుగింజంత ఏదో ఉంది. పెద్దది చేసి చూపించమన్నాడు. కాలరుకు తగిలించే మైకు.

తివాచీ మీది మూడు గుంటలకు అప్పుడు అర్థం దొరికింది. జడ్జి కెమెరా నిలబెట్టాడు, మైకు తగిలించాడు. కామాలు కూడా వదలని ఆ పెద్దాయన ఎర్ర దీపం వెలిగిందో లేదో చూసుకోకుండా ఒక్క ముక్క మాట్లాడి ఉండడు. కాబట్టి కెమెరా నిజంగానే తిరిగి ఉండాలి.

ఫోటో ఒక్కటే పట్టుకెళ్తే రేపు నర్సుకు మేలు కాదు, కీడే. పలకరించి వచ్చేశాను, అప్పటికి ఆయన నవ్వుతూనే ఉన్నాడు, ఆ తరువాత వెళ్లింది నర్సే కదా అంటాడు జడ్జి. కప్పులో ఏం కలిసిందో, నోటుబుక్కు ఎవరు తీసుకున్నారో చెప్పగలిగేది ఆ రికార్డింగు ఒక్కటే. అది ఎక్కిన కెమెరా మెమొరీ కార్డు ఇప్పుడెక్కడ ఉంటుందని అడిగాడు.

ఆవిడకు విషయం అప్పటికి పూర్తిగా ఎక్కింది. జిగురు చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. కెమెరాల్లో కార్డు చెరిపే వీలు లేకుండా చేయించాడు యజమాని, అదీ అనుమానంతోనే. వాడిన కార్డు కార్డుల గదిలో పెట్టెలో పడాల్సిందే. మళ్లీ బయటికి తీయాలంటే రిజిస్టరులో సంతకం పెట్టాలి, ఎందుకో రాయాలి. ఏడో రోజు నాలుగింటికి వాటిని చెరిపేసి మళ్లీ పంచుతారు.

"సంతకం పెట్టకుండా ఊరుకుంటే అదే చెరిగిపోతుంది," అన్నాడు గడియారం. "అందుకే ఊరుకున్నాడు. ఇవాళ ఏడో రోజు."

మూడూ నలభై ఆరు.

కార్డుల గది ఇదే అంతస్తులో ఆ చివరన ఉంది. బయటి మనిషిని రానివ్వరు, ఆవిడను ఎవరూ ఆపరు. ఉద్యోగం పోతుందమ్మా అని ఆయన ముందే చెప్పాడు. ఆవిడ అరలోని ఎర్ర పట్టీ మీద వేలు పెట్టింది.

"పట్టీ వంకరతో సహా చూసి కట్టానండీ. ఆయన మొహం మాత్రం చూడలేదు. సెట్టుకు మొహం అక్కర్లేదని," అంది. "మీరు జడ్జిని ఇక్కడ కూర్చోబెట్టండి. నాలుగింటికి ఆ కుర్చీలోకి వచ్చాడంటే అయిదు దాకా లేవడు."

అదే పథకం. తను వెళ్లి కుర్చీలో కూర్చుంటే జడ్జి గంటసేపు తనను ఊరందరిముందూ ఉతికి ఆరేస్తాడు. తనకు పోయేదేముంది? తిట్టినా పొగిడినా ఇంటికి వెళ్లాక చెప్పుకునే మనిషి లేదు. ఈమాటు ఆ ఒంటరితనం ఒక పనికి వస్తుంది. ఆవిడ పక్క తలుపులోంచి వెళ్లిపోయింది. మూడూ యాభై.

అతిథి కుర్చీ మెత్తగా, కావాలనే కొంచెం పల్లంగా ఉంది. ఎవరో వచ్చి మొహానికి పొడి అద్దారు. ఇంకెవరో వచ్చి చొక్కా రెండో గుండీ దగ్గర మైకు తగిలించారు. ఆయన దాని వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు. దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. మూడూ యాభై ఎనిమిది. ఎదురు కుర్చీ ఖాళీగానే ఉంది.

మూడూ యాభై తొమ్మిదికి ఒక అమ్మాయి హడావుడిగా వచ్చి అందులో కూర్చుంది. ఇరవై అయిదేళ్లు ఉండవు. కాగితాలు సర్దుకుంటూ, కంగారుపడకండి సార్, నాకూ ఇదే మొదటిసారి అంది.

"మీ జడ్జి ఏడమ్మా?"

"సార్ ఇవాళ నన్ను చెయ్యమన్నారండీ. ఇంతసేపూ పైన కంట్రోలు రూములోనే ఉన్నారు, హెడ్‌ఫోన్సు పెట్టుకుని మీ మాటలే వింటున్నారు. ఈ సెట్టు మైకులు మూడున్నరకే తెరిచేస్తాం కదా, పరీక్ష కోసం." ఆ అమ్మాయి చెవిలోని తీగ సరిచేసుకుంది. "ఇప్పుడే ఏదో కార్డు చూడాలని కార్డుల గదికి దిగారు."

గడియారం లేచాడు. తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. అది ఆరేదాకా ఆ తలుపు ఎవరు తోసినా తెరుచుకోదు. కెమెరాలు మూడూ ఆయన వైపే తిరిగి ఉన్నాయి.

"నమస్కారం," అంది ఆ అమ్మాయి, కెమెరా వైపు చూసి నవ్వుతూ. "సమయం సరిగ్గా నాలుగు గంటలు."